సున్నం పడని చోటు

ముప్ఫై నాలుగేళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసిన మనిషిని నేను. ఎవడి చొక్కా మడతలో చీటీ ఉందో, ఎవతె అరచేతిలో సూత్రాలు రాసుకొచ్చిందో గుమ్మంలో నిలబడే చెప్పేసేదాన్ని. మా ఆయన ఫ్రాన్సిస్ పోస్టాఫీసులో గుమాస్తా. "నిన్ను కట్టుకున్నాక నాకు ఒక్క అబద్ధమాడే అవకాశం కూడా రాలేదు జ్ఞానమ్మా" అని తెగ వాపోయేవాడు. ఆయన పోయి ఏడేళ్ళయింది. ఉద్యోగానికి రిటైర్మెంటు ఇచ్చారు గానీ నా కళ్ళకు ఎవరూ ఇవ్వలేదు. అందుకే రేపల్లెలో మా చర్చి సంఘం సమాధులతోటలోకి కెమెరా పట్టుకుని ఒక కొత్తమనిషి వచ్చాడంటే, ఆ సంగతి ముందు నా కంటే పడింది.

ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలైన రెండో వారం అది. పొద్దున్నే ఫ్రాన్సిస్ దగ్గరికి వెళ్ళాను. ఆయనది రోడ్డువైపు వరసలో, గోడకు ఆనుకుని మూడోది. పక్కన నా కోసం ఆరడుగులు వదిలి ఉంచారు. ఆ గోడ మొదట్లో ఒకాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. లాల్చీ, పైజమా, నుదుటి మీద సగం చెరిపేసిన విభూతి. ఒక చిన్న ప్లాస్టిక్ స్కేలు తీసి గోడవార పెట్టాడు. ఫోటో తీశాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. స్కేలు జరిపి మళ్ళీ తీశాడు.

స్కేలు, కెమెరా, పుస్తకం. ఈ మూడూ ఒకే మనిషి దగ్గర చూశానంటే నాకు ఒళ్ళు మండుతుంది. కారణం ఉంది.

మా నాన్న మత్తయి బాపట్ల దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. పోతే అక్కడే పెట్టాం. మాలో ఏటా ఈస్టరు ముందు సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, పండగనాడు తెల్లవారకముందే వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా తమ్ముడూ నేనూ ఉద్యోగాల్లో పడి వరసగా రెండు ఈస్టర్లు వెళ్ళలేకపోయాం. మిగతా కుటుంబాలదీ అదే కథ. సున్నం పెచ్చులూడింది, పిచ్చిమొక్కలు నడుమెత్తున లేచాయి. అప్పుడు ఎవరో వచ్చి ఫోటోలు తీసుకున్నారట. పట్టించుకునే నాథుడు లేని జాగా అని ఆ ఫోటోలే ఎక్కడో చూపించారట. మూడో ఏడు నేను సున్నం డబ్బాతో దిగేసరికి అక్కడ రేకుల షెడ్డు ఉంది. మా నాన్న దాని కింద ఏ మూల ఉన్నాడో ఈరోజుకీ నాకు తెలియదు.

అందుకే ఫ్రాన్సిస్‌కి ఒక్క ఏడు కూడా సున్నం తప్పలేదు. తెల్లగా ఉంటే చాలు, ఈ మనిషికి ఎవరో ఉన్నారని దారిన పోయేవాడికైనా తెలుస్తుంది.

"ఇక్కడేంటండీ మీకు పని?" అన్నాను వెనకనుంచి.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఏం లేదమ్మా, ఊరికే."

"ఊరికే ఎవరూ రారండి ఇక్కడికి. నలుగురు మోసుకొస్తే వస్తారు. మీ పేరు?"

"సుబ్రహ్మణ్యం అంటారు."

"ఏ ఊరు?"

"దగ్గరేనండి" అని కెమెరా సంచీలో పెట్టేసుకుని గబగబా గేటు దాటాడు. పేరు చెప్పి ఊరు చెప్పని మనిషిని ఏమనుకోవాలి?

సమాధులతోట చూసుకునే ఏసుబాబుని పట్టుకున్నాను. గోతులు తవ్వేదీ, గడ్డి కోసేదీ, గేటు తాళం పెట్టుకునేదీ అతనే.

"మంచాయనేనమ్మా" అన్నాడు. "రోజు విడిచి రోజు పొద్దున పాసింజరుకొస్తాడు, పదకొండున్నర బండికి పోతాడు. వచ్చినప్పుడల్లా నాకు టీ ఇప్పిస్తాడు."

"టీ ఎందుకిప్పిస్తున్నాడో అడిగావా?"

"గడ్డి కొయ్యొద్దన్నాడమ్మా."

"ఏంటీ?"

"ఈస్టరు దాకా గడ్డి కొయ్యకయ్యా, కుళాయి కారే చోట గోడమీద నాచు గీకకయ్యా అన్నాడు. నాకూ పని తగ్గింది కదా అని..."

గడ్డి పెరగాలి, నాచు పట్టాలి, ఫోటోలు రావాలి. అచ్చం మా నాన్నకు జరిగిన వరసే. సంఘపెద్ద రాజారత్నంగారి ఇంటికి అటునుంచి అటే వెళ్ళాను. ఆయన అంతా విని, "మన పత్రాలన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి టీచరుగారూ. ఎవరో ఫోటోల పిచ్చాయన అయ్యుంటాడు. కంగారు పడకండి" అని మజ్జిగ ఇచ్చారు. మజ్జిగ తాగాను గానీ కంగారు తగ్గలేదు. పిచ్చాయనలు స్కేలు పట్టుకుని తిరుగుతారా?

ఆ తరవాత ఆయన వచ్చిన ప్రతిరోజూ నేనూ వెళ్ళాను. ప్రార్థన చేస్తున్నట్టు ఫ్రాన్సిస్ ముందు కూర్చుని, వేళ్ళ సందుల్లోంచి చూసేదాన్ని. బోర్లా పడుకునేవాడు. మోచేతుల మీద పాకేవాడు. అరగంట సేపు ఒకే గడ్డిపోచ ముందు ఊపిరి బిగబట్టి ఉండేవాడు. ఎవరైనా రోడ్డు మీదనుంచి తొంగిచూస్తే మాత్రం చప్పున ముఖం తిప్పుకునేవాడు. గడ్డిపోచ ఒక నాటకమని నేను తేల్చుకున్నాను. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం ఇంకో అయిదు రోజులుందనగా ఆయనే నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఇది మీవారి సమాధి అటగా. ఈ ఏడు సున్నం కాస్త ఆలస్యంగా వేయించండి. కుదిరితే ఈ తలవైపు అసలు వెయ్యకుండా..."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మా ఆయనకు సున్నం వెయ్యొద్దనడానికి మీరెవరండి? ఎవరు పంపించారు మిమ్మల్ని? ఊరు చెప్పరు, ఇంటిపేరు చెప్పరు. మీ ఇంటికొచ్చి మీ ఆవిణ్ణి అడిగితే అన్నీ బయటపడతాయి!"

అప్పటిదాకా మెత్తగా నవ్వుతున్న మనిషి ముఖం పాలిపోయింది. "అంతపని చెయ్యకండమ్మా" అన్నాడు. అన్నాక ఒక్క క్షణం ఆగలేదు.

దొరికాడనుకున్నాను.

గురువారం పదకొండున్నర పాసింజరుకు నేనూ టికెట్ తీసుకున్నాను. ఆయన ముందు పెట్టెలో, నేను వెనక పెట్టెలో. తెనాలిలో దిగి, కొంగు తలమీదికి లాక్కుని, పది బారల దూరంలో నడిచాను. అరవయ్యెనిమిదేళ్ళు వచ్చాక ఇదేం పని అని మోకాళ్ళు తిడుతున్నా వినలేదు. స్టేషను దాటి రెండు సందులు తిరిగాక ఒక సైకిల్ షాపులోకి వెళ్ళాడు. పక్కసందులోంచి చూస్తే వెనక పెరట్లో కుళాయి కనిపించింది. పట్టపగలు ఆ కుళాయి కింద బట్టలతోనే కూర్చుని రెండు బక్కెట్లు నెత్తిమీద గుమ్మరించుకున్నాడు. షాపాయన లోపలినుంచి పొడిబట్టలు తెచ్చిచ్చాడు. కెమెరా సంచీ షాపాయన చేతికిచ్చి, తడిబట్టలు తీగమీద ఆరేసి, నుదుట విభూతి దిద్దుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటిదారి పట్టాడు.

నేను సైకిల్ షాపు ముందు నిలబడ్డాను. "ఆ సంచీ ఎవరిదండీ?"

"పంతులుగారిదమ్మా. ఇక్కడే ఉంటుందది."

"ఇంటికి తీసుకెళ్ళడా?"

"అబ్బే, ఇంటికెందుకు తీసుకెళ్తారు!" అని అతను నవ్వాడు.

ఇంకేం కావాలి? ఫోటోలు తియ్యడం ఒకరు, దాచడం ఇంకొకరు. వేషాలు మార్చుకోవడం కూడానా! మధ్యాహ్నం బండికి తిరిగొచ్చి, ఆ సాయంత్రమే ఏసుబాబు చేత గుల్లసున్నం తెప్పించి నానబెట్టాను. మామూలుగా ఈస్టరు ముందురోజు వేస్తాం. ఈసారి తొమ్మిది రోజుల ముందు, శుక్రవారం పొద్దున, నా చేత్తో నేనే కుంచె పట్టాను. కాస్త నీలిమందు కూడా కలిపాను, ధగధగలాడాలని. తలవైపు సిమెంటులో చెక్కిన పేరు మీద ఒకటికి రెండు పూతలు కొట్టాను. ఇప్పుడు తీసుకో నాయనా ఫోటోలు, అనుకున్నాను.

శనివారం ఆయన వచ్చాడు. నేను కుంచె ఒళ్ళో పెట్టుకుని కాపలా ఉన్నాను. గేటు దగ్గరే ఆగిపోయాడు. మెల్లగా నడిచొచ్చి, ఆ తెలుపు కేసి చూసి, అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. తిడతాడేమో, బెదిరిస్తాడేమో అని సిద్ధంగా ఉన్నాను. అదేం లేదు.

"మూసేశారా అమ్మా" అన్నాడు. ఆ గొంతు విని నాకు కొంచెం భయం వేసింది.

"ఏం మూసేశాను? ముందు ఆ ఫోటోలన్నీ చూపించండి. ఒక్కటి కూడా దాటెయ్యకూడదు."

కెమెరా నా చేతికిచ్చి ఏ మీట నొక్కాలో చెప్పాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. గోడ కోసం, గేటు కోసం, హద్దురాయి కోసం వెతకడం మొదలుపెట్టాను. మొదటి ఫోటోలో సాలెగూడు. పోగు పోగుకూ మంచుబొట్లు. నొక్కాను. ఆవగింజంత సాలీడు, దాని ముఖమ్మీద నాలుగు కళ్ళు, నాలుగూ నన్నే చూస్తున్నాయి. నొక్కాను. గోడమీద నాచు. దాంట్లోంచి అగ్గిపుల్లల్లా సన్నటి కాడలు, తలకు ఒక్కో టోపీ. పక్కన స్కేలు. ఆ కాడల పొడవు సరిగ్గా తొమ్మిది మిల్లీమీటర్లు. నేను ప్రతివారం చెప్పులు విడిచే చోటది.

వంద చూశాను. రెండొందలు చూశాను. నత్త నడిచిన వెండి దారి. పల్లేరు పువ్వులో పడుకున్న చీమ. ఎండుటాకు మీద ఈనెలు మాత్రం మిగిల్చి మిగతాదంతా ఎవరో తినేసిన జల్లెడ. కాపీ కొట్టిన పేపర్లు దిద్దినంత పట్టుగా చూస్తున్నాను, ఎక్కడో ఒకచోట దొరుకుతాడని. ఒక్కదాంట్లోనూ గోడ మొత్తంగా లేదు. గేటు లేదు. రాను రాను నేను గోడ కోసం వెతకడం మరిచిపోయి, తరవాతది ఏముంటుందా అని నొక్కుతున్నాను. ఆ సంగతి గమనించి నామీద నాకే కోపం వచ్చింది.

"ఇవన్నీ పొలం గట్ల మీద ఉండవా? ఇక్కడికే రావాలా?" అన్నాను.

"పొలాల్లో మందు కొడతారమ్మా. పురుగన్నది కనపడదు. తెనాలిలో రోడ్డు పక్కన వంగి కూర్చుంటే ఏం పోయిందని పదిమంది పోగవుతారు. మీ తోటలో మందు కొట్టరు, ఎవరూ పలకరించరు. నేను సంస్కృతం లెక్చరర్‌గా చేశానండి. వేంకటసుబ్రహ్మణ్యం నా పూర్తి పేరు. పదవీ విరమణ అయ్యాక పుస్తకాల్లో అక్షరాలు అలుక్కుపోవడం మొదలెట్టాయి. డాక్టరు చుక్కలమందు ఇచ్చాడు. ఈ కెమెరాలో మాత్రం చిన్నది పెద్దగా కనిపిస్తుంది కదా, అట్లా అలవాటైంది. ఇప్పుడు ఇది లేకపోతే నాకు తెల్లారదు."

"మరి ఆ కుళాయి కింద వేషం ఏంటి?"

వెంబడించానని ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

"మాది అర్చకుల ఇల్లమ్మా. శ్మశానానికి వెళ్తే స్నానం చెయ్యకుండా గడప తొక్కకూడదని మా ఆవిడ విశాలాక్షి పట్టు."

"అంటే మా ఫ్రాన్సిస్ దగ్గరికొచ్చి మైలపడుతున్నారన్నమాట!"

"ఎవరి శ్మశానమైనా అంతేనమ్మా, మా నాన్నగారిదైనా. రోజు విడిచి రోజు శ్మశానానికి పోతున్నానని తెలిస్తే ఆవిడ ఈ కెమెరాని నూతిలో పారేస్తుంది. లైబ్రరీకి వెళ్తున్నానని చెప్తున్నాను. అబద్ధమే. అందుకే ఊరు చెప్పలేదు."

తప్పు చేసినవాళ్ళు కథలు అల్లుతారు, కానీ కథల్లో తడిబట్టలు ఆరేసే తీగ ఉండదు. ఆయన చెప్పేది నిజమని నాకు తెలిసిపోయింది. తెలిసినా తల వంచడం అలవాటు లేక, "మరి మా ఆయన తలవైపు సున్నం వద్దన్నారెందుకు?" అన్నాను.

"చివర విడిగా దాచుకున్న ఇరవై ఒక్క ఫోటోలు చూడండి."

చూశాను. ఫ్రాన్సిస్ పేరు. ఏటేటా సున్నం పడి పూడిపోగా మిగిలిన గుంటలు. మొదటి అక్షరం గుంటలో ఒక కందిరీగ. నోట్లో మట్టి ఉండ. తరవాతి ఫోటోలో చిన్న గిన్నె అంచు. ఇంకో ఫోటోలో అది గుండ్రం తిరిగింది. తొమ్మిదోదానికి కుండ అయింది, బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది, మూతి దగ్గర అంచు కూడా తిప్పి ఉంది. అది ఒక పచ్చటి గొంగళిపురుగును ఈడ్చుకొచ్చి ఆ కుండలోకి దూరుస్తోంది, మా ఇంట్లో ఎండుమిరపకాయలు జాడీలోకి కుక్కినట్టు. చివరి ఫోటోలో కుండకు మూత పడింది.

నాకు నవ్వొచ్చింది. ఏడేళ్ళలో ఆ సమాధి ముందు నవ్వడం అదే మొదలు. ఫ్రాన్సిస్ బతికుండగా నా వంటింట్లో జాడీలన్నీ వాసన చూసేవాడు. ఇప్పుడు ఆయన పేరులో ఎవరో జాడీ పెట్టుకున్నారు.

నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ కుండ మీద నేను రెండు పూతలు కొట్టాను.

"లోపల పిల్ల ఉంటుందమ్మా" అన్నాడాయన. "మూతపడి మూడు వారాలైంది. ఇవాళో రేపో గోడ కొరుక్కుని రావాలి. సున్నం గట్టిపడితే రాలేదు."

కొప్పులోంచి పిన్ను తీశాను. మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలెట్టాను. పిసరు పిసరుగా రాలింది. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. చెయ్యి వణికితే కుండ పగులుతుంది. గంట పట్టింది. అరచేయంత మేర సున్నం పోయి, పాత బూడిదరంగు సిమెంటూ, అందులో మట్టికుండా బయటపడ్డాయి. పిల్ల బతికుందో లేదో చెప్పలేనన్నాడాయన. మిగతావాటి సంగతి అడగలేదు నేను. పాదాలవైపు పట్టిన నాచు, దాని మీద సాలీడు, అవన్నీ నీలిమందు తెలుపు కింద పోయాయని నాకు తెలుసు.

"వారం దాకా నేను రాలేనమ్మా. మా తమ్ముడు ఊళ్ళో లేడు, గుళ్ళో పూజ నేనే చూసుకోవాలి" అని ఫోను నంబరు రాసిచ్చి వెళ్ళాడు. దాన్ని కూడా రెండుసార్లు చదివించి సరిచూసుకున్నాను.

ఆ వారం నాకు నిద్రపట్టలేదు. తెల్లటి సమాధికి తలవైపు అరచేయంత మచ్చ. రోడ్డు మీదనుంచి ఎవరు చూసినా సున్నం పెచ్చూడిందనుకుంటారు. మా నాన్న సమాధి మీద మొదట ఊడింది కూడా అంతే మేర. ఈస్టరు ముందురోజు ఏసుబాబు మిగిలిన సున్నం తెచ్చి, "ఆ కాస్త పూసేద్దామమ్మా, మీకే మాట వస్తుంది" అన్నాడు. కుంచె నా చేతిలో పెట్టాడు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. చివరికి దాన్ని బక్కెట్లోనే వదిలేశాను. ఎవరైనా ఫోటో తీసుకోవడానికొస్తే ఆ ఫోటోలో నేను కూడా ఉంటాను, పక్కనే కూర్చుని. అంతకంటే ఏం చెయ్యగలను?

ఈస్టరు తెల్లవారుజామున అందరి కొవ్వొత్తులూ వెలిగాయి, పాటలయ్యాయి. వెలుతురు పడుతుండగా రాజారత్నంగారు మా వరసలోకి వచ్చి, "అదేంటి టీచరుగారూ, మీ ఫ్రాన్సిస్‌గారికి అక్కడ సున్నం ఊడిపోయింది? చూసుకోలేదా?" అన్నారు.

నేను అప్పటికే కుండ కేసి వంగి ఉన్నాను. కుండకు పక్కవాటుగా ఒక చిల్లు ఉంది. ముందురోజు సాయంత్రం లేదు.

వెంటనే అనుమానం వచ్చింది. ఏసుబాబు పుల్లతో పొడిచాడేమో. ఆ పంతులుగారే నా మనసు కష్టపడుతుందని రాత్రికి రాత్రి వచ్చి పిన్నుతో గుచ్చిపోయాడేమో. రాజారత్నంగారి చేతిలో కొవ్వొత్తి లాక్కుని, చెంప సిమెంటుకు ఆనించి చూశాను. బయటినుంచి గుచ్చితే మట్టి లోపల పడాలి. ఇక్కడ మట్టిపొడి బయట రాలింది, ఫ్రాన్సిస్ పేరు గుంటల్లో, కాఫీపొడిలాగా. చిల్లు అంచున గీతలు లేవు, కొరికిన గాట్లున్నాయి. లోపల ఖాళీ. ఎటునుంచి చూసినా మోసం లేదు. ఏడేళ్ళుగా చీపురుతో, కుంచెతో వచ్చిపోతూనే ఉన్నాను గానీ, ఆయన పేరుకు ఇంత దగ్గరగా ముఖం పెట్టింది అప్పుడే. ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆగలేక అక్కడినుంచే ఫోను చేశాను. ఆడగొంతు ఎత్తింది.

"ఎవరండీ?"

"సుబ్రహ్మణ్యంగారు ఉన్నారాండి?"

"స్నానం చేస్తున్నారు. మీరెవరు? ఆదివారం తెల్లారకుండా ఆయనతో ఏంటి పని? ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారు?"

ఒక్క ఊపిరిలో మూడు ప్రశ్నలు. నేను పరీక్ష హాల్లో వేసే వరస అదే. విశాలాక్షిగారికి సగం ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. మిగతా సగం నా నోట్లో ఉంది. రేపల్లె సమాధులతోట నుంచి అంటే చాలు.

"ఫోటో స్టూడియో నుంచండి" అన్నాను. "ఆయన ఇచ్చిన ఫోటో బాగా వచ్చిందని చెప్పండి. దెబ్బేమీ తగల్లేదని చెప్పండి."

"ఫోటోకి దెబ్బేంటి?"

ఫోను పెట్టేశాను. చెవులు వేడెక్కాయి. అరవయ్యెనిమిదేళ్ళకు మొదటి అబద్ధం. అదీ ఈస్టరు రోజున, అదీ ఫ్రాన్సిస్ ఎదురుగా. బతికుంటే ఎంత సంబరపడేవాడో! కొవ్వొత్తి రాజారత్నంగారికి తిరిగిచ్చి, ఆ చిల్లు దగ్గరగా చూడమని ఆయన్ని కూడా కూర్చోమన్నాను.